ఐదు వేళ్ళ నరం

ఏలూరు టూటౌన్‌లో ఒక మందుల షాపు పక్కన మెట్లున్నాయి. ఎక్కితే ఫిరోజ్ ఫిజియోథెరపీ క్లినిక్. ముందుగదిలో బెంచీలు. లోపలి గదిలో ఒక మంచం, కిటికీ దగ్గర ఎదురెదురుగా రెండు స్టూళ్ళు. ఆ వెనక కర్టెన్. కర్టెన్ వెనక ఇల్లు. ఫిరోజ్ భార్య రేహానా రోజంతా ఆ కర్టెన్‌కి అటూ ఇటూ తిరుగుతుంది. అటు వంట. ఇటు అద్దం పట్టడం.

అద్దం పట్టడమంటే మాటలు కాదు. మూతి వంకరపోయి వచ్చినవాళ్ళు అద్దం వంక చూడరు. చూడమంటే నవ్వేస్తారు. నవ్వితే ముఖం ఇంకా పక్కకి పోతుంది. అది చూసి ఏడుస్తారు. అందుకని రేహానా మొదట అద్దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చుంటుంది. ఏ ఊరు, బస్సులో సీటు దొరికిందా, పొద్దున్న ఏం వండారు, ఇవీ అడుగుతుంది. మాటల మధ్య అద్దం మెల్లగా లేస్తుంది. కిటికీ వెలుగు కంట్లో కొట్టకూడదు. గడ్డం అద్దంలోంచి జారిపోకూడదు. చెయ్యి వణకకూడదు. ఆడవాళ్ళు వచ్చినప్పుడు గదిలో ఇంకో ఆడమనిషి ఉండాలన్నది ఫిరోజ్ పెట్టుకున్న నియమం. ఆ నియమం కోసం ఆమె ఆ గదిలోకి వచ్చింది. అద్దం తర్వాత చేతికొచ్చింది.

ఆమె తండ్రి దస్తగిరి తివాచీలు నేసేవాడు. పొద్దస్తమానం మగ్గం ముందు గొంతుక్కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరగదీసుకున్నాడు. పెళ్ళిచూపులకి ఫిరోజ్ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరు రైల్లో వచ్చాడు. టీ ఇచ్చాక దస్తగిరి కుర్చీలోంచి లేవబోయి మోకాలు పట్టుకున్నాడు. అంతే, ఫిరోజ్ కప్పు కింద పెట్టి ఆయన కాలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. వంచాడు, చాపాడు, చిప్ప చుట్టూ వేళ్ళతో వెతికాడు. గుమ్మం దగ్గర కొత్త చీరలో నిలబడ్డ రేహానా వైపు చూడటానికి అతనికి తీరిక లేకపోయింది. అతని తల్లి సైదాబీ ఈ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది.

"మావాడు పెళ్ళికూతురిని చూట్టానికెళ్ళి మామగారి మోకాలు చూసొచ్చాడు. నచ్చిందా నాయనా అంటే, కాస్త వాపుందమ్మా అన్నాడు!"

అందరూ నవ్వుతారు. రేహానా కూడా నవ్వుతుంది. ఎన్నోసారి విన్నా, ఆ నవ్వు చివర ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది.

ఫిరోజ్ చెడ్డవాడు కాడు. గొంతు పెంచడు. జీతంలేని పనిమనిషిలా ఆమెను ఎప్పుడూ చూడలేదు. మాట వరసకి కాదు, నిజంగానే చూడలేదు. అన్నం తింటూ కంచం చూస్తాడు. మాట్లాడుతూ కిటికీ చూస్తాడు. కళ్ళన్నీ క్లినిక్‌లో ఖర్చయిపోయి ఇంట్లోకి ఖాళీగా వచ్చే మనిషి.

క్లినిక్‌లో మాత్రం ఆ కళ్ళు వేరు. ముఖం కదిలించే నరం ఒక్కో పక్కకి ఒక్కటే. చెవి వెనక ఎముకలోని సన్న దారిగుండా వచ్చి, చెవి కింద బయటపడి, చెంప మీద ఐదు పాయలుగా విడిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఫిరోజ్ దాన్ని బొమ్మలో చూపించడు. వాళ్ళ వెనక నిలబడతాడు. మణికట్టు చెవి కింద ఆనించి, అరచెయ్యి చెంప మీద పరిచి, వేళ్ళు విప్పుతాడు. బొటనవేలు నుదుటికేసి, చూపుడువేలు కంటికేసి, నడిమివేలు ముక్కుకీ పై పెదవికీ, ఉంగరపు వేలు కింది పెదవికీ, చిటికెనవేలు మెడ మీదికీ.

"ఇదీ మీ నరం," అంటాడు. "నా చెయ్యి ఎలా ఉందో అలా ఉంటుంది లోపల."

అప్పుడు అతను అద్దంలోకి చూస్తాడు. అద్దం పట్టుకుని ఎదురుగా కూర్చున్నది రేహానా. అతని చూపు ఆమె వైపే వస్తుంది. వచ్చి, అద్దం దగ్గర ఆగిపోతుంది. గాజుకి అటుపక్క ఒక పరాయి ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా తడుముతుంది. గాజుకి ఇటుపక్క ఆమె చేతులు మాత్రం ఉంటాయి.

చాలాకాలం ఆమె దీన్ని పట్టించుకోలేదు. వచ్చేవాళ్ళు ముసలివాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, చూలాళ్ళు. తర్వాత అలేఖ్య వచ్చింది.

తండ్రి బంగార్రాజు తీసుకొచ్చాడు. కైకలూరు దగ్గర రొయ్యల చెరువులున్న మనిషి. అలేఖ్య అక్కడే ఒక ఆక్వా ల్యాబ్‌లో పనిచేస్తుంది. రైతులు సీసాల్లో తెచ్చే చెరువు నీళ్ళు, సంచుల్లో తెచ్చే రొయ్యలు పరీక్ష చేసి జబ్బేమిటో చెప్పడం ఆమె పని. ఓ పొద్దున్న నోరు పుక్కిలిస్తే నీళ్ళు ఎడమ పక్కనుంచి కారిపోయాయి. కొల్లేరు కట్ట మీద స్కూటీ నడిపి చలిగాలి కొట్టిందన్నారు ఇంట్లో. పెద్దాసుపత్రి నరాల డాక్టరు చూసి, మాత్రలూ కంట్లో చుక్కలూ రాసి, కసరత్తుకి ఇక్కడికి పంపాడు.

"పక్షవాతమేనాండీ?" బంగార్రాజు తువ్వాలు నలుపుతూ అడిగాడు. "పెద్ద డాక్టరుగారు కాదన్నారండి. అయినా మా వాళ్ళు మనసాగక..."

"నుదురు పైకెత్తమ్మా," అన్నాడు ఫిరోజ్.

అలేఖ్య ఎత్తింది. కుడి పక్క నుదుటి మీద గీతలు పడ్డాయి. ఎడమ పక్క ఇస్త్రీ చేసినట్టు ఉండిపోయింది.

"చూశారా. మెదడులో దెబ్బయితే మూతి పడిపోయినా నుదురు కదులుతుందండి. ఇక్కడ నుదురు కూడా పడుకుంది. అంటే తప్పు పైన కాదు, ఈ నరంలో. వాచింది. వాపు తగ్గాలి. చాలామందికి తగ్గుతుంది."

"ఆయ్. మరి ఎప్పటికండీ?"

"అది నరం చెప్పాలండి. మనం చూస్తూ ఉండాలి."

రేహానా ఒళ్ళో అద్దం మెల్లగా ఎత్తబోయింది. అలేఖ్య చెయ్యి చాచి తనే లాక్కుంది. చూసుకుని ముక్కుతో నవ్వింది.

"రొయ్యకి జబ్బొస్తే మీసం చూసి చెబుతానక్కా నేను. నా మూతి చూసి చెప్పడానికి ఇంతమంది కావలసొచ్చింది. మా ల్యాబ్‌లో అబ్బాయిరాజని ఉన్నాడు. నన్ను 'పాప బాబు మామ' అనమంటాడు. పెదవి కలవదు కదా, అన్నీ గాలి పోతాయి. అది విని ఆఫీసంతా పండగ!"

అంటూ తనే అని చూపించింది. గాలి పోయింది. బంగార్రాజు తల తిప్పుకున్నాడు. ఫిరోజ్ నవ్వాడు. రేహానా అతని నవ్వు విని చాలా రోజులైంది. ఇంత సులువుగా వస్తుందా అది, అనుకుంది.

తర్వాత అతను అలేఖ్య వెనక్కి వెళ్ళి, చెంప మీద చెయ్యి పరిచి, వేళ్ళు విప్పాడు.

అద్దం రేహానా చేతిలో కదిలింది.

"నిదానం," అన్నాడు ఫిరోజ్, అద్దంతో అన్నట్టు.

ఆ తర్వాత అలేఖ్య ఒక్కతే కైకలూరు బస్సులో వచ్చేది. రోజు విడిచి రోజు. కళ్ళు మూయి. ముక్కు చిట్లించు. పళ్ళు చూపించు. ఈల వెయ్యి. అన్నీ కొంచెం కొంచెంగానే. గట్టిగా చేస్తే నరం దారితప్పి అతుక్కుంటుందనీ, నవ్వబోతే కన్ను మూసుకుపోతుందనీ ఫిరోజ్ హెచ్చరించేవాడు. కుడి పక్కను అలేఖ్య తన వేలితోనే నొక్కిపట్టుకోవాలి.

"ఇదెందుకండీ? ఇది బాగానే ఉంది కదా?"

"బాగున్నదానితోనే చిక్కు. ఎదుటిది ఊరుకుందని ఇది ముఖమంతా తనవైపు లాక్కుంటుంది. ముందు దీన్ని ఆపాలి."

రేహానా విన్నది. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఫిరోజ్ మాట్లాడకుండా తిన్నాడు. సైదాబీ మాత్రం ఊరుకోలేదు.

"ఏమే అమ్మాయ్, కొల్లేరు దాటి సముద్రం దాకా వెళ్ళొచ్చావా ఉప్పు కోసం?"

రేహానా ఒక వేళకి వంట వదిలి కర్టెన్ దగ్గర నిలబడటం మొదలుపెట్టింది. కైకలూరు బస్సు వేళకి. వద్దనుకున్నా చెవి మెట్ల మీదే ఉండేది. అలేఖ్య చెప్పుల చప్పుడు పోల్చుకునేది. ఆ పిల్ల వంకర మూతితోనే ఎంత బాగుందో, తనది తిన్నగా ఉండీ ఎంత వృథాగా ఉందో, అద్దం వెనక కూర్చుని లెక్క కట్టేది. ఒకసారి స్నానాల గదిలో గడియ పెట్టుకుని ఎడమ పక్క కదపకుండా నవ్వి చూసుకుంది. కుదరలేదు. రెండు పక్కలూ ఒక్కసారే లేచాయి. తనకి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం మీద ఆమెకి ఏడుపొచ్చింది.

ఒకరోజు ముక్కుపుడక తీసేసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉన్న ఎర్రరాయి ముక్కుపుడక. తీస్తే ముక్కు మీద చిన్న గుంట, నగ్నంగా. దాంతోనే ఫిరోజ్‌కి టీ ఇచ్చింది. అన్నం వడ్డించింది. పక్కన కూర్చుని కరెంటు పోయిన సంగతి మాట్లాడింది. అతను కంచం చూశాడు. కిటికీ చూశాడు. సైదాబీ చూసి నోరు తెరవబోతే రేహానా కళ్ళతోనే ఆపింది.

ఆ సాయంత్రం అలేఖ్య పళ్ళు చూపిస్తుండగా ఫిరోజ్ అద్దం మీదికి వంగాడు.

"ఆగండి. మళ్ళీ చెయ్యండి. ముక్కు ఎడమ రంధ్రం కొంచెం కదిలింది. చూశావా రేహానా? వెంట్రుకవాసి."

రేహానా చూడలేదు. అతన్ని చూస్తోంది. వెంట్రుకవాసి ముక్కు కదిలితే కనిపెట్టిన మనిషిని, ఎర్రరాయి మాయమైతే కనిపెట్టని మనిషిని, ఒకే మనిషిని చూస్తోంది.

అయితే ఆ కదలిక మళ్ళీ రాలేదు. నిజంగా వచ్చిందో, ఫిరోజ్ కోరికే అలా కనిపించిందో తెలియదు. తర్వాతి వారాల్లో ఎడమ పక్క అలాగే పడుకుని ఉంది. అలేఖ్య పాప బాబు మామలు మానేసింది. స్కార్ఫ్ చుట్టుకుని రావడం మొదలుపెట్టింది.

ఒక మధ్యాహ్నం ఫిరోజ్ కింద ఒక ముసలాయనని మెట్లెక్కిస్తున్నాడు. గదిలో ఇద్దరే ఉన్నారు.

"అక్కా, ఒకటి అడగనా? సార్‌తో అనకండి. మా నాయనమ్మ చంపేస్తోందండి. లంకలో జ్ఞానయ్యగారని పసరు కడతారంట. ఆయన దగ్గరికి పోకుండా ఈ కసరత్తులేంటే, కోతిలాగ, అంటుంది. వెళ్ళనా?"

రేహానాకి జ్ఞానయ్య పేరు కొత్త కాదు. ఆ ఇంట్లో అది రోజూ వినపడే పేరు. సైదాబీకి వయసులో ఉన్నప్పుడు మూతి వంకరపోతే కొల్లేరు లంకకి పడవలో తీసుకెళ్ళి ఆయన చేతే పసరు కట్టించారు. తగ్గింది. అది దానంతటదే తగ్గే జబ్బని ఫిరోజ్, పసరుకే తగ్గిందని సైదాబీ. "నువ్వు చేస్తే నీ వైద్యం, జ్ఞానయ్య చేస్తే దానంతటదే!" అని ఆవిడ కొడుకు నోరు మూయించేది. ఆ పసరు చర్మాన్ని కాలుస్తుందనీ, మాత్రలూ చుక్కలూ మానమంటారనీ, కన్ను మూతపడనివాళ్ళకి చుక్కలు మానితే ప్రమాదమనీ ఫిరోజ్ ప్రతిసారీ చెప్పేవాడు. అవన్నీ రేహానాకి కంఠతా వచ్చు. చెప్పవలసిందల్లా ఒక్క మాట. వద్దు.

అలేఖ్య ఆమె ముఖంలోకే చూస్తోంది. ఒక కన్ను రెప్ప వేస్తోంది. ఒకటి వెయ్యడం లేదు.

"మా అత్తమ్మకి అక్కడే తగ్గింది," అంది రేహానా.

అది అబద్ధం కాదు. ఆ మాట అత్తమ్మ నోట రోజూ విన్నదే. అయినా అంటున్నప్పుడు చూపు కిటికీ మీదికి తిప్పుకుంది.

"నిజమాండీ? సార్ వాళ్ళమ్మగారికా? అయితే ఇంకేం!"

అలేఖ్య ఆమె చెయ్యి పట్టుకుని ఊపింది. వెళ్ళిపోయింది. చెప్పుల చప్పుడు మెట్లు దిగి రోడ్డు చప్పుడులో కలిసిపోయేదాకా రేహానా విన్నది. ఛాతీలోంచి ఏదో దింపుకున్నట్టయింది. ఆ సుఖం నాలుగు పూటలు కూడా నిలవలేదు.

ఎందుకంటే కైకలూరు బస్సు వేళకి ఇప్పుడు ఫిరోజ్ చెవి మెట్ల మీద ఉంది.

"ఆ అమ్మాయి ఫోనెత్తడం లేదు. నీతో ఏమైనా అన్నదా?"

"ఏం అంటుంది?"

"ముక్కు కదిలింది. నేను చూశాను. ఇప్పుడు మానేస్తే ఎలా?"

ఎదురుగా ఉన్నప్పుడు ఆ పిల్ల గదిలోనే ఉండేది. రాకపోయేసరికి కర్టెన్ దాటి ఇంట్లోకొచ్చింది. అన్నం దగ్గర అదే మాట. పడక దగ్గర అదే మాట. తరిమేసి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నట్టయింది రేహానాకి.

బంగార్రాజు మళ్ళీ కూతుర్ని తీసుకొచ్చిన రోజు వాన పడుతోంది. అలేఖ్య స్కార్ఫ్ విప్పింది. ఎడమ చెంప పొక్కి, పొక్కులు చితికి, చెవి దగ్గర్నుంచి పెదవి దాకా పచ్చిగా ఉంది. ఎడమ కన్ను నిప్పు కణికలా ఉంది.

ఫిరోజ్ ఆమెను వెలుగు దగ్గర కూర్చోబెట్టాడు. టార్చి వేసి కన్ను చూశాడు. కంటి డాక్టరుకి ఫోన్ చేసి, వాళ్ళని ఆటోలో పంపాడు. సాయంత్రానికి కట్టుతో తిరిగొచ్చారు. నల్లగుడ్డు మీద చిన్న పుండు పడిందిట. వేళకి వచ్చారు, చూపుకి భయం లేదన్నారుట.

"ఎవరు చెప్పారమ్మా మీకు పసరు కట్టించుకోమని?" ఫిరోజ్ అప్పుడడిగాడు.

రేహానా కిటికీ దగ్గర నిలబడి ఉంది. అలేఖ్య కట్టు లేని ఒక్క కన్నుతో ఆమెని చూసింది. ఆ చూపులో కోపం లేదు. అర్థం కాకపోవడం ఉంది. తర్వాత అదీ పోయింది. అర్థమైపోయింది.

"మా నాయనమ్మండీ," అంది అలేఖ్య. "ముసలావిడ మాట."

సగం ముఖంతోనే ఆడిన అబద్ధం. మిగతా సగం కదలలేదు.

"ఆయ్, మా అమ్మేనండి," అన్నాడు బంగార్రాజు. అతనికి అంతకన్నా తెలియదు.

ఫిరోజ్ చేతులు కడుక్కుని వచ్చాడు. పుండు మానేదాకా ఆ చెంపని ఎవరూ ముట్టుకోకూడదు. కానీ కదలికలు మానకూడదు. చెయ్యి వెయ్యకుండా ఎక్కడ ఏ పాయ ఉందో తెలుసుకుని ఇంట్లో తనే చేసుకోవాలి. అతను గది అంతా చూశాడు.

"రేహానా, ఇలా కూర్చో. అద్దం ఆ అమ్మాయికివ్వు."

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా అలేఖ్య అద్దం ఎత్తి పట్టుకుంది. వెనక ఫిరోజ్ వచ్చాడు. సబ్బు వాసన వేసే మణికట్టు చెవి కింద ఆనింది. చల్లటి అరచెయ్యి చెంప మీద పడింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకున్నాయి.

ఇన్నేళ్ళూ కావాలనుకున్నది ఇదే. ఆమె కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరువు," అన్నాడు ఫిరోజ్. "అలేఖ్యగారూ, నా చూపుడువేలు చూడండి. ఇది కంటి పాయ. ఇప్పుడీవిడ నవ్వుతుంది. నిజం నవ్వయితే ఈ వేలి కింద చర్మం లేస్తుంది. నవ్వు, రేహానా."

ఆమె నవ్వింది. పెదవులు రెండు పక్కలకీ సమానంగా సాగాయి. చూపుడువేలి కింద ఏమీ లేవలేదు.

"నవ్వు."

మళ్ళీ సాగాయి. ఉంగరపు వేలి కింద గడ్డం వణికింది. అద్దంలో ఫిరోజ్ చూపు పరీక్ష మానేసింది. కంటి నుంచి పెదవికీ, పెదవి నుంచి గొంతు దగ్గర కొట్టుకుంటున్న చోటుకీ వచ్చింది. ఆమె గుటక మింగింది. అతని చిటికెనవేలికి అది తెలిసింది. అద్దం పట్టుకున్న అలేఖ్య తల దించుకుంది. అతను అద్దం వదిలి, వంగి, ముఖంలోకి నేరుగా చూశాడు. పెళ్ళయ్యాక మొదటిసారి. అతనికి కనపడకుండా దాచుకోవడానికి ఆ ముఖంలో ఒక్క చోటు కూడా మిగల్లేదు.

అతను చెయ్యి తీసేశాడు.

వాళ్ళు వెళ్ళాక ఫిరోజ్ తలుపు వేసి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"నువ్వేనా?"

"మీ అమ్మగారికి తగ్గింది కదా అన్నాను. అంతే అన్నాను."

"పసరుతో తగ్గదని నీకు తెలుసు."

"తెలుసు."

"కన్ను పోయేది రేహానా. ఆ పిల్ల కన్ను."

ఆమె ముక్కు మీది గుంటని వేలితో తడుముకుంది.  

"నేను ముక్కుపుడక తీసి ఎన్నాళ్ళయిందో చెప్పండి."

ఫిరోజ్ ఆమె ముక్కు వంక చూశాడు. అతనికి నిజంగా తెలియదు. అబద్ధం ఆడటం కూడా రాదు.

"జబ్బు ఉంటే చూస్తాను నేను," అన్నాడు చివరికి. "నీ ముఖంలో ఏ జబ్బూ లేదని చూడటం మానేశాను. అది తప్పే. కానీ దానికి ఆ పిల్లేం చేసింది?"

కర్టెన్ వెనకనుంచి సైదాబీ దగ్గు వినిపించింది. ఆవిడ అంతా విన్నది. ఎప్పుడూ లేనిది, మాటకి అడ్డం రాకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఫిరోజ్ లేచాడు. "రేపట్నుంచి ఆ అమ్మాయికి నువ్వే చేయించు. నేను గదిలో ఉండను. చూడటం నీకు తెలుసు. ఇన్నాళ్ళూ నన్ను చూశావు, ఇప్పుడు ఆమెను చూడు."

అది శిక్షో, నమ్మకమో రేహానాకి తెలియలేదు. అడగడానికి ముఖం లేదు.

అలేఖ్య వస్తుందనుకోలేదు. వచ్చింది. స్టూలు మీద కూర్చుని స్కార్ఫ్ విప్పింది.

"నాయనమ్మ అని ఎందుకు చెప్పావు?" అంది రేహానా.

"మీ పేరు చెబితే ఇక్కడికి మళ్ళీ రానివ్వరు కదండీ మా నాన్న." కొంచెం ఆగింది. "కోపం లేదనుకోకండక్కా. ఉంది. బస్సులో దారంతా తిట్టుకుంటూ వచ్చా. ముందు మూతి తిన్నగా కానివ్వండి. మీకు వినపడేలా తిడతాను. ఇప్పుడు తిడితే గాలి పోతుంది."

రేహానా తల ఊపింది. పని మొదలుపెట్టారు.

చూడటం ఎంత పనో అప్పుడు తెలిసింది. ఫిరోజ్ కళ్ళు ఎందుకు ఖాళీగా ఇంటికొచ్చేవో కూడా. పొక్కులు ఎండి, పొరలు రాలి, కింద గులాబీరంగు చర్మం వచ్చింది. కంటి కట్టు విప్పారు. అద్దం ఇప్పుడు అలేఖ్యే పట్టుకుంటుంది. రేహానాకి చేతులు ఖాళీ. అంగుళం అంగుళం ఆ ముఖం చూసేది. కనుబొమ్మ చివర సన్నటి మచ్చ, పై పెదవి మీద నూగు, వంట మధ్యలో కూడా గుర్తొచ్చేవి. అసూయ పోలేదు. ఆ పిల్ల మెట్లెక్కేటప్పుడు అది కూడా ఒక మెట్టెక్కేది. కానీ అది ఎవరి మీదో ఆమెకిప్పుడు సరిగ్గా చెప్పడం రాదు. ముందుగదిలోంచి ఫిరోజ్ "ఎలా ఉందమ్మా?" అని అలేఖ్యని పలకరిస్తే, జవాబు తనే చెప్పేసేది.

ఆ రోజు కసరత్తు అయిపోయింది. అలేఖ్య అద్దం పక్కన పెట్టి టీ తాగుతోంది. సైదాబీ కర్టెన్ పక్కకి తోసి వచ్చి, తనకో కప్పు టీ కోసం కూర్చుంది.

"అమ్మాయ్, నీకు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారంటగా? ఒక్క ముక్క విను. చూట్టానికొచ్చినవాడు మీ నాన్న మోకాలు పట్టుకున్నాడనుకో, వెంటనే లేచి పారిపో!"

అలేఖ్య నవ్వింది. నవ్వు ఆపుకోలేక టీ తొణికింది.

రేహానా చూసింది. ఎడమ పెదవి చివర, గుంట పడవలసిన చోట, చర్మం ఒక్కసారి అదిరింది. ఆగింది. సైదాబీ తన మాటకి తనే మళ్ళీ నవ్వితే అలేఖ్యకి మళ్ళీ నవ్వొచ్చింది. మళ్ళీ అదిరింది. ఈసారి పెదవి చివర కొంచెం, చాలా కొంచెం, పైకి వెళ్ళి నిలబడింది.

"ఏంటక్కా అలా చూస్తున్నారు?"

"వచ్చింది," అంది రేహానా.

"ఏది?"

రేహానా చిటికెనవేలితో ఆ చోటు ముట్టుకుంది. అలేఖ్య కప్పు కింద పెట్టి, అక్కడే వేలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నవ్వబోయింది. వేలి కింద ఏదో పాకినట్టయింది. కళ్ళు రెండూ నిండాయి. కుడిది రెప్ప వేసింది. ఎడమది కూడా కొంచెం వాలింది.

"ఏవిటి, నవ్వులు వినపడుతున్నాయి?" ముందుగదిలోంచి ఫిరోజ్ కేక వేశాడు. కుర్చీ జరిపిన చప్పుడైంది.

అలేఖ్య నోరు తెరిచింది. రేహానా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏం లేదండీ," అంది పైకి. "అత్తమ్మ ఏదో అన్నారు. మీరు కూర్చోండి."

సైదాబీ కోడల్ని ఎగాదిగా చూసింది.

"రేపు చెబుదాం," అంది రేహానా అలేఖ్యతో, గుసగుసగా. "ఈ పూటకి ఇది మనదే. ఇంకోసారి నవ్వు. నేను చూస్తాను."